గుడ్డ వేసిన సీటు

కర్నూలు పెద్దాసుపత్రిలో మా అమ్మ కంటికి శుక్లం తీసిన డాక్టరు ఇంటికి పంపేటప్పుడు మూడు మాటలు చెప్పాడు. తల వంచకూడదు. దగ్గు వచ్చినా అణుచుకోవాలి. బస్సులో వెనక కూర్చోబెట్టకూడదు. "ముందు సీట్లో కూర్చోబెట్టండి. పక్కనే ఇంకొకరు కూర్చుని తల పట్టుకోండి. గట్టి కుదుపు తగిలిందంటే నేను చేసినదంతా బూడిదలో పోసిన పన్నీరే. చెప్పినట్టు చెయ్యకపోతే మళ్లీ నా దగ్గరికి రావద్దు" అన్నాడు. మొదటి రెండు మాటలూ మా చేతిలో పని. మూడోది బస్సు వాళ్ల చేతిలో పని. ఆ సంగతి జీపులో తిరిగే ఆయనకు ఎలా తెలుస్తుంది?

అప్పటికి నాకు కొత్తగా పెళ్లయింది. అత్తగారింటి నుంచి అమ్మకు తోడుగా వచ్చాను. మాది మైదుకూరు అవతల ఒక నేతపేట. నాయన మగ్గం మీద కూర్చుంటే అమ్మ పోగులు అతికేది. నేత అయిపోయిన పడుగు కొసలకు కొత్త పడుగు కొసలను, ఒక్కొక్క పోగునే వేళ్ల మధ్య బూడిద అద్దుకుని మెలిపెట్టి కలపాలి. ఒక్క పోగు తప్పితే చీర పొడవునా గీత పడుతుంది. అమ్మకు ఒక కన్ను చిన్నప్పుడే మశూచికం వచ్చి పోయింది. మిగిలిన కన్నుతోనే పెళ్లి చేసుకుంది, మమ్మల్ని కన్నది, మా పేటలో అందరికంటే సన్నటి పోగులు అతికింది. ఆ కంటికే పొర కమ్మింది. అంటే ఆ ప్రయాణంలో మేము ఇంటికి తీసుకుపోతున్నది మా అమ్మకున్న ఒకే ఒక్క కన్నును.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఊరి నిండా డేరాలు, డేరాల నిండా సర్కారు కచ్చేరీలు. ఎక్కడెక్కడి జనమో అర్జీలు పట్టుకుని వచ్చి పోతుండేవారు. కడప వైపు పోయే బస్సు పొద్దున్నే బయలుదేరేది. టికెట్టు మీద సీటు నంబరు లేదు, ముందు చెప్పి పెట్టుకోవడమూ లేదు. ఎవరు గుడ్డ వేస్తే వాళ్లది సీటు. కిటికీలోంచి తువ్వాలు వేసేసి, ఆ మనిషి తీరిగ్గా కాఫీ తాగి, బీడీ కాల్చి, చుట్టాలతో మాట్లాడి వచ్చినా సరే, ఆ సీటు ఆయనకోసం కాచుకుని ఉండాల్సిందే.

ఈ పద్ధతి మీద మా నాయనకు గొప్ప నమ్మకం. దానికి కారణం మా పేట. మాకు పడుగు సాగదీయాలంటే వీధే దిక్కు. తెల్లవారుజామున వీధి పొడవునా పడుగు కట్టి గంజి పెట్టి కుంచెతో దువ్వాలి. రోజుకు ఒక ఇంటికే వీధి చాలుతుంది. అందుకని వంతు కావలసినవాళ్లు ముందురోజు సాయంత్రమే వీధి మొదట్లో ఉన్న గుంజకు తమ గుడ్డ కట్టి పోతారు. ఆ గుడ్డను ఇంకొకరు ముట్టరు. పగవాళ్ల గుడ్డయినా ముట్టరు. గుడ్డ ఉందంటే మనిషి అక్కడ నిలబడి ఉన్నట్టే. మా నాయన పుట్టి పెరిగిన న్యాయం అది. లోకమంతా మా వీధిలాగే ఉంటుందని ఆయన అనుకున్నాడు.

బయలుదేరే రోజు తెల్లారకముందే నాయన సత్రం నుంచి బస్సు దగ్గరికి పోయాడు. డ్రైవరు వెనకాల ఇద్దరు కూర్చునే సీటు ఒకటి ఉంది. దాని మీద గుడ్డ వేయాలి. భుజం మీది పాత తువ్వాలు అమ్మ తలకు గాలి తగలకుండా చుట్టి వచ్చాడు. అందుకని, దారి ఖర్చులకు అమ్ముదామని మేము తెచ్చిన తువ్వాళ్లలో మిగిలిన రెండు కొత్తవి తీసి సీటు మీద పక్కపక్కన పెట్టాడు. గంజి కరకరలాడే తువ్వాళ్లు, మగ్గం దిగిన మడతతోనే ఉన్నాయి. మడత విప్పి పరిస్తే సరిపోయేది. కానీ కొత్తగుడ్డ మడత కొన్నవాడే విప్పాలి, నేసినవాడు విప్పితే ఆ గుడ్డ అమ్ముడుపోదని మా వాళ్ల పట్టింపు. పెట్టి, దండం పెట్టుకుని, అమ్మను తీసుకురావడానికి వచ్చాడు.

అమ్మను మెల్లగా నడిపించుకుంటూ మేము బస్సు దగ్గరికి వచ్చేసరికి మా తువ్వాళ్లు అక్కడ లేవు. వాటి చోట ఇంకో గుడ్డ ఉంది. మాసి నల్లబడి, ఒక మూల చిరిగి, రెండు సీట్లకూ అడ్డంగా పడి ఉంది.

"మా గుడ్డలేమాయనప్పా? పొద్దన్నే ఏసి పోతినే" అని నాయన కండక్టరును అడిగాడు.

"అవి నీవా? సరుకనుకొని పైన ఏపిచ్చినా. కొత్త గుడ్డలు మడత మీద పెడితే సీటుకేసినావని ఎవురికి తెలుస్తాదప్పా?" అన్నాడు కండక్టరు.

"మరి ఈ గుడ్డ ఎవురిది?"

"ఎవురో పెద్దోళ్లదే అయింటాది. చూడు, ఎవురితోనో రెండు సీట్లకూ ఏపిచ్చినారు. నంద్యాలలో ఎక్కుతారేమో."

ఒళ్లు మండిపోయింది నాకు. నేసి తెచ్చిన కొత్త తువ్వాలు మూట కింద లెక్క. చెమట కంపు కొట్టే పేలిక మనిషి కింద లెక్క. "మేము ముందేసినాము గదా. ఆ గుడ్డ తీయండి. మా అమ్మకు కంటి ఆపరేషను అయింది, కట్టు కనపడలేదా?" అన్నాను.

"నాకేం తెలుసమ్మా? ఎవురి గుడ్డ ఎవురిదో! రేపు మా బస్సు మొదలాళితో నేను మాట పడల్ల."

రాజధాని వచ్చాక కర్నూలులో అందరికీ పట్టుకున్న భయం అదే. ఏ పేలిక వెనక ఏ అధికారి ఉన్నాడో, ఏ గొడుగు వెనక ఏ మంత్రిగారి బావమరిది ఉన్నాడో. కళ్ల ముందు నిలబడ్డ మనిషిని చూసి ఎవరూ జంకరు. కనబడని మనిషిని తలుచుకుని వణుకుతారు.

నేను ఆ గుడ్డ తీసి పారేద్దామని చెయ్యి చాపాను. రెండో వరసలో సిల్కు జుబ్బా వేసుకుని తమలపాకుల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఒకాయన లేచి అడ్డం వచ్చాడు. "ఏమ్మా, గుడ్డేసినారని కనపడలా? వరస ఉండాది, మర్యాద ఉండాది. ఆడపిల్లవు, ఇంకొకరి గుడ్డ ముట్టుకుంటావా?" అన్నాడు. అటూ ఇటూ కూర్చున్నవాళ్లు "నిజమే, నిజమే" అన్నారు. ఆయన కూర్చున్న సీటు కూడా గుడ్డ వేసుకుని సంపాదించుకున్నదే మరి.

అందరినీ మించి మా నాయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "వద్దు పాపా. ఎవురో వంతేసుకొని పోయినారు. మనకెవురన్నా అట్ల చేస్తే మనమూరుకుంటామా?" అన్నాడు. మా వంతు ఎవరో తీసి పైన పారేశారని చెప్పినా ఆయనకు ఎక్కలేదు. ఆయన కళ్లకు ఆ పేలిక మా వీధి గుంజకు కట్టిన గుడ్డే. నాకు కండక్టరు మీద కంటే ఆ క్షణాన మా నాయన మీద ఎక్కువ కోపం వచ్చింది.

వెనక చక్రాల మీద ఉండే పొడుగు సీటులో ఒక మూల ఒక్క మనిషికి చోటు దొరికింది. పక్కన శనక్కాయల మూటలు కదలకుండా కట్టి ఉన్నాయి. అమ్మను ఆ మూలలో కూర్చోబెట్టాము. నేను ఆమె ముందు నిలబడి, ఒక చేత్తో పైనున్న కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో ఆమె తలను నా కడుపుకు అదుముకున్నాను. నాయన మెట్ల దగ్గర నిలబడ్డాడు.

బస్సు కదిలింది. ముందు ఇద్దరు మనుషులు హాయిగా కూర్చునే సీటు ఖాళీగా ఊగుతూ పోతూంది. దాని మీద ఆ గుడ్డ. వెనక మా అమ్మ. బస్సులో నిలబడ్డవాళ్లు ఇంకా నలుగురైదుగురు ఉన్నారు. ఒక్కరూ ఆ సీటు వైపు పోలేదు. బస్సు కుదిపినప్పుడు గుడ్డ కొంచెం జారితే జుబ్బా ఆయన చెయ్యి చాపి మర్యాదగా సర్దాడు కూడా. ఏమి భక్తి! మా అమ్మ తల కిటికీకి కొట్టుకోకుండా అడ్డుపెట్టడానికి ఆ చేతుల్లో ఒక్కటి కూడా రాలేదు.

నంద్యాలలో బస్సు ఆగింది. నేను తల తిప్పి చూస్తున్నాను. ఎక్కబోయే ఆ పెద్దమనిషి ముఖం చూసి నాలుగు మాటలు అనాలని నాలుక మీద పెట్టుకుని ఉన్నాను. మహానంది నుంచి వచ్చిన భక్తులు కొందరు ఎక్కారు. కండక్టరు కిందికి దిగి, "ముందు సీట్లో గుడ్డేసినోళ్లెవురప్పా? రాండి, పోతాండాము" అని రెండుసార్లు కేకేశాడు. ఎవరూ రాలేదు.

"రాలేదు గదా, ఇప్పుడన్నా మా అమ్మను కూర్చోనీ" అని వెనక నుంచి అరిచాను.

"ఆళ్లగడ్డలో ఎక్కుతారేమోలేమ్మా, అంతవరకే గదా" అన్నాడు.

అంతవరకే అట! ఆ తార్రోడ్డు ఎలా ఉండేదో ఆ కాలం వాళ్లకు చెప్పనక్కర్లేదు. వంకల మీద వంతెనలు ఎక్కడివి? రోడ్డే వంకలోకి దిగి, ఇసుకలో కూరుకుపోయి, అవతల గట్టు ఎక్కాలి. నంద్యాల దాటాక అలాంటి ఒక వంకలో బస్సు దిగి, ఊపు అందుకోవడానికి గబుక్కున ఎక్కింది. వెనక సీటు మొత్తం ఎగిరి పడింది. నా చేతిలోని కమ్మీ జారింది. అమ్మ తల నా పట్టు తప్పి కిటికీ చెక్కకు కొట్టుకుంది.

అమ్మ అరవలేదు. కట్టు మీద చెయ్యి పెట్టుకుని, "లోపల సూదితో గుచ్చినట్టుండాదమ్మా. తడి అవుతాంది" అని మెల్లగా అంది. కట్టు కింద నుంచి నీళ్లు కారుతున్నాయి. నేను ఏడుస్తూ, తిడుతూ బస్సు ఆపమన్నాను. "ఆపితే ఈడ ఏముండాదమ్మా, తుమ్మచెట్లు తప్ప?" అన్నాడు కండక్టరు. అది మాత్రం నిజమే.

మా కోసం ఆగని బస్సు ఇంకాస్త దూరం పోయి దాని కోసం అదే ఆగింది. ఎండకు ఇంజను ఉడికి ముందు నుంచి పొగలు కక్కుతోంది. డ్రైవరు దిగి మూత తీయబోయాడు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. కిటికీ దగ్గరికి వచ్చి లోపలికి తొంగిచూసి, "నా మసిగుడ్డ యాడ పడిపాయ? పొద్దన్న అద్దం తుడిచి ఈ సీట్లోనే ఏస్తినే" అన్నాడు. అని, చెయ్యి చాపి ఆ పెద్దమనిషిని సీటు మీద నుంచి లాక్కుని పోయాడు. దాన్ని చేతికి చుట్టుకుని మూత తిప్పాడు.

బస్సులో అందరూ నవ్వారు. కండక్టరు కడుపు పట్టుకుని నవ్వాడు. "డ్రైవరు మసిగుడ్డకు దండాలు పెట్టుకుంటా వచ్చినాము గదప్పా" అని ఒకరి తొడ మీద ఒకరు చరుచుకున్నారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఇన్నేళ్లకూ నేను మరిచిపోలేనిది ఆ నవ్వు. తప్పు చేశామని ఒక్క ముఖం వాడిపోలేదు. వాళ్లకు అది ఊరికి పోయి చెప్పుకోవడానికి మంచి కథ దొరికినట్టు అయింది.

నేను అమ్మ రెక్క పట్టుకుని లేపేలోపల జుబ్బా ఆయన తమలపాకుల డబ్బాతో సహా ముందు సీట్లోకి మారిపోయాడు. వరస, మర్యాద అని నాకు నీతులు చెప్పిన ఆ మనిషే.

"అయ్యా, లెయ్యి. అది మా అమ్మకు కావాల" అన్నాను.

"కాళీగా ఉంటే కూచున్యా. గుడ్డేమన్నా ఉండాదా?" అన్నాడు. నేను వదలకుండా గొంతు పెంచేసరికి కిటికీ వైపు కొంచెం జరిగి, పక్కన చేత్తో తట్టి, "సరే రామ్మా, మీ యమ్మను కూచోమను. నేనేమన్నా వద్దంటినా?" అన్నాడు.

ఊరూ పేరూ తెలియని మగవాడి పక్కన, తొడకు తొడ ఆనేంత సీటులో మా అమ్మ కూర్చుంటుందా? కూర్చోదని ఆయనకూ తెలుసు, బస్సులో అందరికీ తెలుసు. తెలిసే ఇచ్చాడు. ఇచ్చానన్న పేరూ దక్కింది, సీటూ దక్కింది. "వద్దులేమ్మా, ఈడే బాగుండాది" అని అమ్మ శనక్కాయల మూటల పక్కన తల ఆనించుకుంది. నాయన టాపు మీద నుంచి మా కొత్త తువ్వాళ్లు దించి, మడతలు విప్పి, అమ్మ తలకు అటూ ఇటూ దోపాడు. మైదుకూరు దాకా అలాగే వచ్చాము.

కట్టు విప్పించుకోవడానికి మళ్లీ కర్నూలు పోయాము. డాక్టరు కట్టు తీసి, బ్యాటరీ లైటు వేసి, చాలాసేపు చూశాడు. వేళ్లు చూపించి ఎన్ని అన్నాడు. అమ్మ ఏ వేళ్లు అంది. ఆయన లైటు ఆర్పి, చేతులు కడుక్కుంటూ, "లోపల చెదిరిపోయింది. ఇంక చూపు రాదు" అన్నాడు. మా వైపు తిరిగి, "ముందు సీట్లోనే కూర్చోబెట్టారా?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపల మా నాయన చేతులు కట్టుకుని, "ముందు సీట్లోనే సామీ. పాప పక్కనే కూచోని తల పట్టుకుండె. మీ మాట జవదాటినామా మేము?" అన్నాడు.

"అబద్ధం" అన్నాను. ఆసుపత్రి అని కూడా చూడకుండా అరిచాను. "డ్రైవరు మసిగుడ్డకు సీటిచ్చి మా అమ్మను వెనక చక్రం మీద కూర్చోబెట్టినారు సార్. అందుకే పోయింది కన్ను. ఆ బస్సోళ్లు పోగొట్టినారు."

డాక్టరు నాయన వైపు చూశాడు.

"పిల్ల దుఃఖంలో ఏందేందో అంటాంది సామీ" అన్నాడు నాయన.

డాక్టరు నాయన మాటే నమ్మాడు. "చెప్పినట్టే చేశారు. ఇంక మన చేతిలో ఏముంది" అని ఆయన భుజం తట్టి పంపేశాడు. కండక్టరుదీ తప్పు కాలేదు, జుబ్బా ఆయనదీ కాలేదు, మసిగుడ్డదీ కాలేదు. అందరూ కడిగిన ముత్యాలే. పోయింది మా అమ్మ కన్ను ఒక్కటే.

బయటికి వచ్చాక నాయనను నిలదీశాను. "ఎందుకు అట్ల చెప్పినావు?"

"నిజం చెప్తే కన్నొస్తాదా పాపా? చెప్పినట్టు చెయ్యనోళ్లు రావద్దన్న్యాడు గదా. రేపు మళ్ల ఏమన్నా అయితే ఏ ముఖం పెట్టుకొని వస్తాము?" అన్నాడు. వంగి, అమ్మ కాలికి తగలకుండా దారిలో ఉన్న రాయి పక్కకు తోశాడు. అది చూసి జాలిపడాలో, ఆ మాట విని గోడకేసి తల బాదుకోవాలో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. పేదవాళ్లు తమకు జరిగిన అన్యాయాన్ని తామే కప్పిపెట్టి, కప్పిపెట్టినందుకు మంచివాళ్లనిపించుకోవడం చూస్తే నేను ఈనాటికీ ఓర్చుకోలేను.

ఆ మధ్యాహ్నం తిరుగు బస్సులో జనం లేరు. ముందు సీటు ఖాళీగా ఉంది. నాయన అలవాటుగా వెనక్కి నడుస్తుంటే నేను ఆయనను పట్టించుకోకుండా అమ్మ చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకుపోయాను. "కూర్చో" అన్నాను. ఆమె కూర్చోలేదు. వంగి రెండు చేతులతో సీటంతా ఆ మూల నుంచి ఈ మూల దాకా తడిమింది. తడిమి, నా వైపు అనుకుని కిటికీ వైపు ముఖం పెట్టి అడిగింది.

"ఎవురిదన్నా గుడ్డ ఉండాదేమో చూడమ్మా. నాకు కనపడదు."